తూకం తగ్గిందని మురిసిపోతే... పరుగులో దెబ్బ!

అగ్నివీర్‌ రాత పరీక్ష ఫలితాలు రాగానే మైదానాల్లో ఓ హడావుడి మొదలవుతుంది. ఎండలో స్వెటర్‌ వేసుకుని పరుగెత్తేవాళ్లు, ‘అన్నా, మూడు కిలోలు తగ్గాలి’ అంటూ రాత్రి అన్నం మానేసేవాళ్లు, నీళ్లు కూడా గుక్కల లెక్కన తాగేవాళ్లు. మీరూ ఆ పనే చేస్తున్నారా? అయితే కాస్త ఆగండి.

ఈ తొందరకు ఎంపిక విధానం కూడా ఓ కారణం. 2022లో అగ్నిపథ్‌ మొదలైనప్పుడు ఆర్మీలో ర్యాలీ ముందు, రాత పరీక్ష తర్వాత. 2023 నుంచి ఈ వరుస తిరగబడింది. ర్యాలీలకు వచ్చే జనం తాకిడి తగ్గింది, మంచిదే. కానీ అభ్యర్థి నెలల తరబడి కుర్చీకి అతుక్కుపోతున్నాడు. సాయంత్రం మిర్చి బజ్జీలు, పరుగేమో ‘పరీక్ష అయ్యాక చూద్దాంలే’. తీరా రాతలో గట్టెక్కాక చేతిలో మిగిలేవి కొద్ది వారాలే!

బరువు మీ ఎత్తుకూ వయసుకూ తగ్గట్టు ఉందా లేదా అన్నది వైద్య పరీక్షలో చూస్తారు. అది దేహదారుఢ్య పరీక్షలు నెగ్గాకే. మార్కులన్నీ గ్రౌండ్‌లోనే. జనరల్‌ డ్యూటీకి 1.6 కి.మీ. పరుగును 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60, పది పుల్‌అప్స్‌ తీస్తే 40. ఒంట్లో అదనంగా ఉన్న ప్రతి కిలోనూ పదిసార్లు పైకి లాగాల్సిందే కాబట్టి బరువు తగ్గాలనుకోవడం తప్పు కాదు. కానీ పస్తులుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. నీళ్లు మానేస్తే తగ్గేది కొవ్వే కాదు; రెండు చెంబులు తాగితే ఆ బరువు తిరిగొచ్చేస్తుంది. తాగకుండా గ్రౌండ్‌కు వెళ్లారా, పిక్కలు పట్టేస్తాయి. ఎండలో కళ్లు తిరిగి పడిపోతే మొదటికే మోసం. తూకం కోసం పరుగు పోగొట్టుకుంటే, ఆ తూకం దాకా వెళ్లేదే లేదు.

వారానికి అరకిలో తగ్గితే చాలు. రెండు నెలల్లో నాలుగు కిలోలు. అంటే పని మొదలుపెట్టాల్సింది ఫలితాలొచ్చాక కాదు, రాత పరీక్షకు చదివే రోజుల్లోనే. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. మారు అన్నం తగ్గించి ఆ చోట పప్పు, ఉడికించిన శనగలు, గుడ్లు చేర్చండి. ఒక్కో గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రొటీన్‌ ఉంటుంది. బజ్జీలు, కూల్‌డ్రింకుల దగ్గర మాత్రం మొహమాటం వద్దు.

బక్కపల్చగా ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. తూకానికి ముందు డజను అరటిపండ్లు లాగించడం పాత చిట్కా. కడుపు బరువెక్కుతుందే తప్ప ఒళ్లు రాదు. వీళ్లకూ కొన్ని నెలల తిండి, వ్యాయామమే దారి.

ప్రతి ఆదివారం పరగడుపున తూకం చూసుకుని, అదే రోజు పుల్‌అప్స్‌ లెక్క, పరుగు టైమింగ్‌ పక్కనే రాసుకోండి. బరువుతో పాటు పుల్‌అప్స్‌ కూడా పడిపోతుంటే తిండి మరీ కోసేశారన్నమాట. ఆ వారం రాత్రి భోజనంలో ఓ గరిటె అన్నం పెంచుకోండి.