కుటిలము కురులా, మన చూపా?

తెలుగువారి ఇళ్ళలో ఆడపిల్ల జుట్టు మీద అందరికీ అధికారమే, ఆ పిల్లకు తప్ప. తల్లి నూనె పెడుతుంది. నాయనమ్మ బిగించి జడ వేస్తుంది. బడిలో పంతులమ్మ రిబ్బను చూస్తుంది. పెళ్ళీడు రాగానే పార్లరు వారు ఇస్త్రీపెట్టెతో సిద్ధమవుతారు. ఒత్తుగా, నిటారుగా జుట్టున్న పిల్లకు ఇవన్నీ ముచ్చట్లు. సన్నని పోగుతో, ఉంగరాలు తిరిగిన జుట్టుతో పుట్టిన పిల్లకు మాత్రం ఇవే శిక్షలు. నేరమేమిటని అడిగినవారు లేరు. అడగవలసిన అవసరమున్నదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినదాన్ని గనుక ముందు మాటల సంగతి చూస్తాను. మన భాషలో ఈ జుట్టుకు ఎన్ని పేర్లున్నాయో గమనించండి. కొద్దిగా అలలు తేలితే నొక్కుల జుట్టు. అలలు మరికొంత తిరిగితే వంకీలు. చుట్టలు చుట్టుకొంటే ఉంగరాలు. ఉంగరాలు మెడ మీదికి వ్రేలాడితే గిరజాలు. నుదుటి మీద పడేవి ముంగురులు. వంకర తిరిగిన కురులకు సంస్కృతంలో అలకములని పేరుండగా, వాటికి చూర్ణకుంతలములని పర్యాయపదం చెప్పింది అమరకోశం. అమెరికాలో ఆండ్రే వాకర్ అనే కేశాలంకారకుడు 1990లలో జుట్టును నాలుగు తరగతులుగా విభజించి అంకెలు వేశాడు. ఆ అంకెలను నేటి పిల్లలు జాతకచక్రంలా వల్లిస్తున్నారు. వల్లించనీయండి, తప్పులేదు. కాని నొక్కులకూ ఉంగరాలకూ తేడా తెలిసిన జాతి మనదని కూడా వారికి ఒకరు చెప్పాలి.

మరొక విశేషం. కుటిలము అనే మాట మనసుకు తగిలిస్తే నింద, కురులకు తగిలిస్తే ప్రశంస. కుటిలకుంతల అని సమాసం చేసి నాయికను పొగడిన సంప్రదాయం మనది. ఆ కావ్యాలనే పాఠం చెప్పి, గంట కొట్టగానే ఎదుటి బల్ల మీది కుటిలకుంతలను "ఏమిటా కాకిగూడు, దువ్వుకొని రాలేదా?" అని గద్దించే ఉపాధ్యాయులను ఎందరినో చూశాను. ఉంగరాల జుట్టుకు కుక్కతోక సామెతను అతికించి నవ్వుకొనే పెద్దలూ తక్కువేమీ కాదు. పుస్తకంలో ఒప్పుకొన్న అందాన్ని బెంచీ మీద ఒప్పుకోలేకపోవడం ఏ రసజ్ఞత?

మాటల్లో ఇంకొక పొరపాటు కూడా ఉంది. సన్నము, పలుచన అనే రెండింటినీ మనం కలగలిపి వాడుతున్నాం. సన్నదనం ఒక్కొక్క వెంట్రుకకు సంబంధించినది. పలుచదనం తల మీద వెంట్రుకల సంఖ్యకు సంబంధించినది. సన్నని పోగులే అయినా లెక్కకు ఎక్కువగా ఉండి ఒత్తుగా కనిపించే తలలున్నాయి. మోటు పోగులే అయినా పలుచగా ఉన్న తలలూ ఉన్నాయి. నేత తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు. సన్ననూలు బట్ట వేరు, వెలితి నేత బట్ట వేరు. సన్నపోగు జుట్టును చూసి "అయ్యో, పలుచబడిపోయింది" అని ఆముదం తెచ్చి పోయడం రోగమొకటైతే మందొకటి వేయడమే.

ఈ జుట్టు స్వభావం ఏమిటి? వెంట్రుక ఆకారాన్ని నిర్ణయించేది నెత్తి చర్మంలోని కుదురు. కుదురు వంగి ఉంటే వెంట్రుక వంగి పుడుతుంది. వెంట్రుక పైన పెంకుటిల్లు కప్పులాగా ఒకదాని మీదొకటి వాలిన పొలుసులుంటాయి. నెత్తి మీద ఊరే సహజమైన జిడ్డు నిటారు వెంట్రుక మీద సులువుగా కొస వరకు జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద నడిదారిలోనే ఆగిపోతుంది. అందుచేత కుదుళ్ళు జిడ్డుగా, కొసలు ఎండుగా ఉంటాయి. పైగా ప్రతి మెలికా బలహీనమైన చోటే. పోగు సన్ననిదైతే అది ఓర్చుకొనగల లాగుడు ఇంకా తక్కువ. అంటే ఈ జుట్టుకు రెండు శత్రువులు: బరువు, లాగుడు. మన ఇళ్ళలో దానికి దొరుకుతున్నవి సరిగ్గా ఆ రెండే.

ఇక వాదానికి వస్తాను. ఎదుటివారి మాట ముందు చెప్పి ఆపైన ఖండించడం శాస్త్రమర్యాద.

పూర్వపక్షం ఒకటి: "నూనె దట్టంగా పట్టించి గట్టిగా జడ వేస్తే అదే సర్దుకుంటుంది."

సర్దుకోదు, అణగుతుంది. నూనె నిందార్హమని నేననడం లేదు. కొబ్బరినూనె వెంట్రుకలోని మాంసకృత్తు నష్టాన్ని తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనెకూ ఖనిజ తైలానికీ ఆ గుణం కనబడలేదనీ 2003లో రేలే, మొహిలే అనేవారు ప్రయోగాలు చేసి ప్రకటించారు. వారు కొబ్బరినూనె అమ్మే సంస్థలోని పరిశోధకులేనన్న సంగతి కూడా చెప్పడం న్యాయం. తలస్నానానికి ముందు పట్టించినా ఫలితం కనబడిందని వారి మాట. మన తలంటు పద్ధతి కూడా అదే గదా! నూనె ముందు, నీళ్ళు తరువాత. ఆ క్రమాన్ని తలక్రిందులు చేసి, స్నానమయ్యాక ఆరిన జుట్టుకు మళ్ళీ నూనె దట్టించి బడికి పంపడం ఎవరు నేర్పారో తెలియదు. సన్నపోగు ఆ బరువుకు కుదేలై నెత్తికి అతుక్కుంటుంది. అప్పుడు "చూశావా, ఎంత పలుచనో!" అని మళ్ళీ మనమే అంటాము.

పూర్వపక్షం రెండు: "బడిలో క్రమశిక్షణ ఉండవద్దా? రెండు జడలు, రిబ్బన్లు నియమం గదా?"

ఉండాలి. పేలు ప్రాకకూడదు, ప్రయోగశాలలో దీపానికి జుట్టు అంటుకోకూడదు, కళ్ళలో పడకూడదు. ఈ మూడు ప్రయోజనాలకు వదులు జడ చాలు. కనుబొమలు పైకి లేచేంత బిగువు దేనికి? నేను పనిచేసిన ఒక బాలికల పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె ఉండేది. ప్రార్థన వేళకు నీటుగా ఉన్న ముంగురులు మధ్యాహ్నానికి లేచి నిలిచేవి. లేచినందుకల్లా ఆమెకు మందలింపు. పదవ తరగతికి వచ్చేసరికి కణతల దగ్గర జుట్టు వెనక్కు జరిగిపోయింది. "చదువు ఒత్తిడి" అన్నారు అందరూ. ఒత్తిడి నిజమే, అది జడది.

అదే పనిగా లాగి కట్టడం వలన జుట్టు ఊడిపోవడం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. 1907లోనే, బిగువుగా ముడి కట్టుకొనే గ్రీన్‌లాండ్ స్త్రీలలో దీనిని గుర్తించి వ్రాశారు. తొలిదశలో లాగడం మానితే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి లాగితే కుదురే చచ్చిపోతుంది. నియమం పేరిట పిల్ల శరీరానికి హాని చేసే హక్కు ఏ బడికీ లేదు. అమెరికాలో నల్లజాతివారి సహజమైన జుట్టును బడులలో, కొలువులలో తప్పుపట్టడం మితిమీరగా, 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం క్రౌన్ చట్టం తెచ్చి ఆ వివక్షను నిషేధించింది. వారి చరిత్ర వేరు, వారి బాధ మనకన్న ఎన్నో రెట్లు పెద్దది. అయినా పుట్టిన జుట్టు అపరాధం కాదన్న సూత్రం ఎక్కడైనా ఒక్కటే. మనకు చట్టం దాకా పోనక్కరలేదు, ప్రధానోపాధ్యాయుల ఒక్క మాట చాలు.

పూర్వపక్షం మూడు: "ఒకసారి గుండు చేయిస్తే ఒత్తుగా, తిన్నగా వస్తుంది."

మొక్కు మొక్కే. కొండకు పోయి తలనీలాలు ఇచ్చేవారి భక్తికి నమస్కారం. దానిని కేశచికిత్స అనుకోవడమే తప్పు. కత్తి చర్మం పైభాగాన్ని మాత్రమే తాకుతుంది, కుదుళ్ళను కాదు. గీయడం వలన వెంట్రుకల పెరుగుదల మారదని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపారు. మొండిగా తెగిన కొస చేతికి గరుకుగా తగులుతుంది గనుక మోటుగా వచ్చిందని భ్రమపడతాము.

పూర్వపక్షం నాలుగు: "ఇంత గొడవెందుకు? పార్లరులో స్ట్రెయిటెనింగ్ చేయిస్తే పెళ్ళిచూపుల నాటికి పట్టులాగా ఉంటుంది."

ఇదీ అసలు ప్రమాదం. ఇస్త్రీపెట్టె వేడి 180 నుండి 230 డిగ్రీల దాకా పోతుంది, అంటే దోసెపెనం వేడి. ఆ తిన్నదనం వానకాలపు గాలికే వీగిపోతుంది. వీగిపోనిది కావాలంటే వెంట్రుకలోని గంధకపు బంధాలను రసాయనంతో త్రెంచి, సాగదీసి, మళ్ళీ ముడివేస్తారు. కాని కుదురు మారదు గదా! నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పాత ఉంగరాలే మళ్ళీ పుట్టుకొస్తాయి. కొత్త మెలిక, పాత తిన్నదనం కలిసేచోట సన్నపోగు పుటుక్కున తెగుతుంది. మళ్ళీ పార్లరు, మళ్ళీ డబ్బు.

"కెరాటిన్" అని మంగళకరమైన పేరు పెట్టి అమ్మేవాటిలో పలు రకాలు వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. దానిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి గ్లయాక్సిలిక్ ఆమ్లంతో అమ్ముతున్నవీ నిరపాయం కావు. 2020-22 మధ్య ట్యునీసియాలో మూడుసార్లు ఆ చికిత్స చేయించుకొని, మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్న 26 ఏళ్ళ యువతి ఉదంతం 2024లో వైద్యపత్రికకు ఎక్కింది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. స్ట్రెయిటెనర్లు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం, తరచు వాడేవారిలో 4.05 శాతం అని అందులో తేలింది. ఇది సంబంధం మాత్రమే, కారణమని రుజువు కాలేదు. అయినా జబ్బే కాని దానికి మందు వేయించుకొని ఈపాటి అపాయాన్నయినా కొని తెచ్చుకోవడం ఎందుకు? జుట్టు నిటారుగా లేదని సంబంధం వద్దనేవారి ఇంటికి పిల్లనివ్వకపోవడమే క్షేమం.

ఖండించి ఊరుకుంటే పాండిత్యం అనిపించుకుంటుందేమో గాని పని జరగదు. మా మనవరాలిది ఇదే జుట్టు. ఆమెకు మేము చేస్తున్నది ఇది:

తలస్నానానికి గంట ముందు చెంచాడు కొబ్బరినూనె, అదీ ఎక్కువగా కొసలకు. ఆముదం జోలికి పోము, సన్నపోగుకు అది మోయలేని బరువు. వారానికి రెండుసార్లు తలస్నానం. ఉంగరాల జుట్టుకు షాంపూయే కూడదని కొందరు చేసే బోధ మోటు పోగుకు నప్పవచ్చు, సన్నపోగు జిడ్డు పట్టి చదును పడుతుంది. మృదువైన షాంపూ గాని, పలుచగా తీసిన కుంకుడు రసం గాని నెత్తికి మాత్రమే. ఒంటి సబ్బు అసలు వద్దు. బోరునీళ్ళలో అది తెట్టుకట్టి పోగులకు పట్టుకుంటుంది.

తరువాత మందారాకు నలిపి తీసిన జిగురు గాని, కండిషనరు గాని కొసలకు పట్టించి, ఆ జారుడు ఉండగానే వ్రేళ్ళతో, ఆపైన వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీస్తాము. కొసల నుండి మొదలుపెట్టి పైకి రావాలి. తడిజుట్టు సాగుతుంది, లాగితే తెగుతుంది. చిక్కు తీయడానికి ఓపిక ఎక్కువ, బలం తక్కువ కావాలి. జిగురును బాగా కడిగివేయాలి. ఆరిన తరువాత దువ్వెన వాడము.

తువ్వాలు మెలిపెట్టి జుట్టును టపటపా కొట్టి ఆరబెట్టే అలవాటు మానండి. పాత నూలుచీర ముక్కతో అద్దితే చాలు. నీళ్ళు ఓడుతుండగానే గుప్పిట్లో పట్టి మెల్లగా పైకి నొక్కి వదిలితే ఉంగరాలు వాటంతటవే కుదురుకుంటాయి. వెంట్రుక ఆరేటప్పుడే దాని ఆకారం స్థిరపడుతుంది గనుక ఆరేదాకా చేయి పెట్టకూడదు. అవిసెగింజలు నీళ్ళలో ఉడికించి వడకట్టిన జిగురు నాలుగు చుక్కలు రాస్తే సాయంత్రం దాకా నిలుస్తాయి. బడికి వదులు జడలు, రాత్రికి వదులు ముడి. అంతే. ఖర్చు పార్లరుకు ఆటో కిరాయి కన్న తక్కువ.

"జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది" అంటాము. ఆ సామెతలో కొప్పు పెట్టుకొనే స్వేచ్ఛ జుట్టున్నమ్మది. చుట్టుపక్కల అమ్మలది కాదు. ఈసారి మీ ఇంట్లో ఉంగరాల జుట్టు పిల్ల అద్దం ముందు నిలబడితే, దువ్వెన అందుకొనే ముందు ఆమెకేమి కావాలో అడగండి. తిన్నగా చేయించుకుంటానని ఆమే అంటే, ఆ కోరిక ఆమెకు ఎవరి మాటల వలన పుట్టిందో మిమ్మల్ని మీరు అడగండి.

ఏకీభవించనివారు నిస్సంకోచంగా ఖండించండి. కాని ఖండనలో కుక్కతోక సామెత వాడకండి. దానికి సమాధానం ఇప్పటికే చెప్పాను.

స్వస్తి.