బిల్లు లేని విత్తనం – దిక్కులేని రైతు

తొలకరి పడిందంటే చాలు, విత్తనాల దుకాణాల ముందు రైతులు బారులు తీరతారు. డీలరు సంచి చేతికిచ్చి పద్దు రాసుకుంటాడు. బిల్లడిగితే, "అప్పు సరుక్కి బిల్లేమిటి పెద్దాయనా?" అంటాడు. రైతు మారుమాట్లాడడు. విత్తు మొలవకపోతేనో, మొలిచినా కాపు రాకపోతేనో అప్పుడు తెలుస్తుంది ఆ చిన్న కాగితం విలువ.

కాంట్రాక్టంటే స్టాంపు కాగితాల మీద పెద్దవాళ్లు రాసుకునే వ్యవహారమని మనవాళ్లనుకుంటారు. అది పొరపాటు. 18 ఏళ్లు నిండిన ఇద్దరు, న్యాయమైన పనికోసం, ప్రతిఫలం పెట్టుకుని, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే 1872 నాటి చట్టం ప్రకారం నోటిమాట కూడా కాంట్రాక్టే. కాకపోతే నోటిమాటకు రుజువుండదు. బిల్లే ఆ రుజువు.

"ఇష్టపూర్వకంగా" అన్నచోటే ఉంది అసలు చిక్కు. విత్తనం అప్పిచ్చేదీ, వడ్డీ లెక్క కట్టేదీ, చివరికి పంట కొనేదీ ఒక్కడే అయినప్పుడు ఇక రైతు ఇష్టమెక్కడిది? పైచేయి ఉన్నవాడు దాన్ని అడ్డం పెట్టుకుని అన్యాయపు లాభం తీస్తే ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు చట్టంలో ఉంది. కానీ వచ్చే ఏడు అప్పు పుట్టదేమోనన్న భయం రైతు నోరు నొక్కేస్తోంది.

కేసు వేసి గెలిచినా పోరు ఆగదు. ఆంధ్రప్రదేశ్ రైతులు పరిహారం సాధించుకున్న కేసుల్లో ప్రభుత్వరంగంలోని జాతీయ విత్తన సంస్థే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతులు వినియోగదారులు కారనీ, 1966 విత్తనాల చట్టం ఉండగా వినియోగదారుల ఫోరాలకు పనిలేదనీ, నమూనాను పరీక్షకు పంపలేదనీ వాదించింది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ వాదనలను తోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లే రైతు నమూనా దాచుకోవాలనడం తగదన్నది. నష్టపోయిన రైతుకు పరిహారమిచ్చే ఏర్పాటు విత్తనాల చట్టంలో లేదని కూడా ఎత్తిచూపింది.

2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. రైతు తానుండే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ల గడువు దాటకూడదు. వకీలు తప్పనిసరి కాదు. ఒకే విత్తనంతో నష్టపోయినవారు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు చేయవచ్చు.

ఇక్కడ హైస్కూలు పిల్లలు చేయగల పని ఉంది. బిల్లు మీద కొన్నవారి పేరు, రకం, లాట్ నంబరు, తేదీ, ధర ఉన్నాయో లేదో నాన్నకు చదివి చెప్పండి. కౌలుకు చేస్తుంటే కౌలుదారు పేరే ఉండాలి. ఖాళీ సంచి, లేబుల్ దాచండి. పైరు దెబ్బతింటే వెంటనే వ్యవసాయాధికారికి అర్జీ రాసి, పొలం చూసి నివేదిక ఇవ్వమని అడగండి. నాన్న అప్పుకు మీచేత సంతకం పెట్టించబోతే ఒప్పుకోవద్దు. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది.

చట్టం ఒక్కటే రైతును గట్టెక్కించదు. బ్యాంకులు, సహకార సంఘాలు కౌలుదారుతో సహా ప్రతి రైతుకూ సకాలంలో అప్పివ్వాలి. అప్పుడే డీలరు ముందు నిలబడి బిల్లడిగే ధైర్యం వస్తుంది. అంతదాకా ఒంటరిగా కాదు, ఊరంతా కలిసి అడగాలి.