పడమటి గోడ రేటెంత?

సికింద్రాబాద్‌లో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మనవాళ్లు అడిగే ప్రశ్నలు నాకిప్పుడు కంఠతా వచ్చేశాయి. ఈస్ట్ ఫేసింగేనా? మంజీరా కనెక్షన్ ఉందా? అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలు? కార్ పార్కింగ్ ఇస్తారా? లోన్ వస్తుందా? ఈ వేసవిలో అమ్మానాన్నలతో కలిసి మల్కాజిగిరి, అల్వాల్, సైనిక్‌పురి వైపు చాలా ఆదివారాలు ఇదే పని మీద తిరిగాను. ఎక్కడా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఈ బెడ్రూంలో ఏసీ లేకుండా ఉండగలమా?

నా వాదన చిన్నది. ఏసీ కొంటే దాని మీద బీఈఈ నక్షత్రాలు చూసి కొంటాం. ఆ స్టార్ లేబుల్ 2006 నుంచీ ఉంది. ఆ ఏసీ పెట్టుకునే ఇంటికి మాత్రం, ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టే ఇంటికి, ఎన్ని నక్షత్రాలో చెప్పేవాడు లేడు. ఇల్లు అమ్మేవాళ్లు అది చెప్పి తీరాలి.

వేడికి మార్కెట్‌లో ధర లేదా అంటే, ఉంది. టాప్ ఫ్లోర్ అనగానే బ్రోకరే గొంతు తగ్గించి, "కొంచెం వేడి ఉంటది సార్, అందుకే రేటు తక్కువ" అంటాడు. న్యాయమే. మన అక్షాంశం 17.4 డిగ్రీలు. ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకొస్తాడు, నీడ కూడా పడదు. ఆ ఎండంతా స్లాబ్ మీదే. అంటే కంటికి కనిపించే వేడికి జనం బేరమాడుతున్నారు. కనిపించనిది పడమటి గోడ. బయట గాలి బాగా వేడెక్కిన సమయంలోనే దాని మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. మధ్యాహ్నమంతా కాగిన గోడ రాత్రి మన మంచం పక్కన ఆ వేడిని వదులుతుంది.

ఇక్కడో తమాషా ఉంది. ఈస్ట్ ఫేసింగ్ కోసం అదనంగా డబ్బు కడతాం. కానీ తూర్పున ఉండేది మెయిన్ డోర్. చాలా ఫ్లాట్లలో దానికి ఎదురు కొసన, అంటే పడమట, బెడ్రూంలు వస్తాయి. వాస్తుని వెక్కిరించాలని కాదు. దిక్కు ముఖ్యమని మన పెద్దవాళ్లకి తెలుసు. మనమే ఆ దిక్కుని తలుపుకి మాత్రమే కుదించేశాం. మారేడ్‌పల్లిలో, పద్మారావు నగర్‌లో మిగిలిన పాత ఇళ్లు చూడండి: మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, పైన వెంటిలేటర్లు, ముందు వరండా, వాకిట్లో వేపచెట్టు. అలాంటి ఇల్లు అమ్మకానికొస్తే ధర గజాలకే కడతారు. ఆ గోడకీ, ఆ చెట్టుకీ సున్నా. పడగొట్టి, అక్కడే సజ్జలు కూడా సరిగ్గా లేని ఐదంతస్తులు లేపుతారు.

గోడ మంచిదో కాదో కొలిచే పద్ధతి మనకి కొత్త కాదు, హీట్ ట్రాన్స్‌ఫర్‌లో చదివిందే. చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి లోపలికొస్తుందో చెప్పేది యూ-వాల్యూ. మామూలు ఆర్‌సీసీ స్లాబ్‌కి అది 3 పైనే. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి 2 దగ్గర, ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాక్ గోడకి 1 కన్నా తక్కువ. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇంటి కప్పుకి ఇది 1.2 దాటకూడదు. రాష్ట్రం తన బిల్డింగ్ రూల్స్‌లో చేరిస్తేనే అది తప్పనిసరి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, మంచిదే. కానీ నివాస భవనాల్లో 600 గజాలు, ఆపైన ప్లాట్లకే తప్పనిసరి. మన సందుల్లో 150, 200 గజాల ఇళ్లకి అది యజమాని ఇష్టం.

తెలివి లేక కాదు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో పుట్టింది, దాని కేంద్రం మన హైదరాబాదే. అమెరికా బయట మొట్టమొదటి లీడ్ ప్లాటినం భవనం కూడా ఇక్కడి సోహ్రాబ్జీ గోద్రెజ్ సెంటరే. 2004లో కలాం గారు ప్రారంభించారు. ఆ తెలివి ఆఫీసులకి, గేటెడ్ కమ్యూనిటీలకి చేరింది. రెండు బెడ్రూంల ఫ్లాట్ దాకా రాలేదు. బ్రోచర్లో "గ్రీన్ హోమ్స్" అని ఉంటే దాని అర్థం లాన్, నాలుగు పామ్ చెట్లు.

ఎందుకు రాలేదంటే, గోడకి ఖర్చు పెట్టేది బిల్డర్, కరెంటు బిల్లు కట్టేది మనం. అద్దె ఇళ్లలో ఇది ఇంకా ఘోరం. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా ఉచితం. దాటితే ఆ నెల బిల్లంతా కట్టాలి. పైఅంతస్తులో, కాగే స్లాబ్ కింద అద్దెకుండే కుటుంబం రాత్రంతా కూలరో ఏసీయో నడపక తప్పదు. కప్పు ఓనర్‌ది, చెమటా బిల్లూ వాళ్లవి. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్ల సోలార్‌కి 78 వేల సబ్సిడీ ఉంది కదా అంటారు. అది సొంత డాబా ఉన్నవాళ్లకి. అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ అందరిదీ. అందరూ ఒప్పుకునేసరికి ఎండాకాలం అయిపోతుంది.

"ఇవన్నీ పెడితే రేటు పెరుగుతుంది, మధ్యతరగతి ఎలా కొంటుంది?" అని మా నాన్నే అడిగారు. సరైన ప్రశ్న. కానీ కిటికీ మీద రెండడుగుల సజ్జకీ, డాబా మీద తెల్లటి కూల్ పెయింట్‌కీ అయ్యే ఖర్చు, హాల్లో ఫాల్స్ సీలింగ్‌కి, ఇటాలియన్ మార్బుల్‌కి మనం సంతోషంగా పెట్టే దానితో పోలిస్తే ఎంత?

కొందరు పాత కరెంటు బిల్లులు చూపిస్తే చాలంటారు. నాకది సరిపోదనిపిస్తుంది. బిల్లు మనుషుల అలవాట్లని చెప్తుంది, గోడ గురించి కాదు. తాళం వేసిన ఇంటికి బిల్లు పెద్దగా రాదు. బ్రిటన్‌లో ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఏ నుంచి జీ దాకా ఒక ఎనర్జీ గ్రేడ్ చూపించాలి. అది భవనాన్ని బట్టి ఇచ్చేది. మన రెరా పేజీలో కార్పెట్ ఏరియా ఉన్నట్టే గోడ, కప్పు యూ-వాల్యూ కూడా ఉండాలి.

ఆ రూల్ వచ్చేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. మనలో సగం మంది ఇళ్లల్లో ఇప్పుడో రేపో ఫ్లాట్ వేట ఉంటుంది. పొద్దున చల్లటి పూట కాకుండా మిట్టమధ్యాహ్నం దాటాక వెళ్లండి. పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టండి. గోడ దేంతో కట్టారో, ఎన్ని అంగుళాలో మేస్త్రీని అడగండి, బిల్డర్‌ని కాదు. కాలుతుంటే టాప్ ఫ్లోర్‌కి అడిగినట్టే రేటు తగ్గించమనండి. పదిమంది అలా అడిగాక, పదకొండో వాళ్లకి కట్టే ఇంటికి బిల్డరే సజ్జ వేస్తాడు.