బస్సును ‘బస్’ చేయనేల?

కొంతకాలంగా తెలుగు వ్రాతలో ఒక కొత్త మడి మొదలైంది. బస్సు ‘బస్’ అయింది, పెన్ను ‘పెన్’ అయింది, స్కూలు ‘స్కూల్’ అయింది. చివరి ఉకారం పల్లెటూరి వాసన కొడుతుందని కాబోలు, దాన్ని కోసివేసి పొల్లు పెడుతున్నారు. అసలు ఉచ్చారణకు దగ్గరగా ఉంటుందని వారి సమర్థన. ఇది తెలుగుకు అపచారమని నా అభిప్రాయం.

మనది అజంత భాష. హల్లుతో ముగిసే పరాయి నామవాచకం మన ఇంట అడుగుపెడితే ఒక అచ్చును చేర్చుకుంటుంది. అదీ అడ్డదిడ్డంగా కాదు. మిత్రులు ఈ మాటలు ఒకసారి పైకి పలికి చూడండి: బస్సు, కప్పు, పెన్ను, జగ్గు. హ్రస్వం మీది హల్లు ద్విత్వమైంది. కోటు, సీటు, కేకు, కారు. దీర్ఘం మీద ద్విత్వం లేదు. ఇంగ్లండు దక్షిణప్రాంతపు పలుకుబడిలో ‘గ్లాసు’లోని అచ్చు దీర్ఘం, ‘బస్సు’లోనిది హ్రస్వం. బడి ముఖం చూడనివాడు కూడా ఒక సకారంతో గ్లాసు అనీ, రెండు సకారాలతో బస్సు అనీ అన్నాడంటే వాడి చెవి ఎంత సూక్ష్మమైనదో గ్రహించండి. (రోడ్డు ఒక్కటి నా సూత్రానికి లొంగదు. దాన్ని అపవాదంగా వదిలేద్దాం.)

బహువచనం మరీ ముచ్చటైనది. కాలు – కాళ్లు, వేలు – వేళ్లు అయినట్టే రైలు – రైళ్లు, స్కూలు – స్కూళ్లు, హోటలు – హోటళ్లు. పుస్తకం – పుస్తకాలు అయినట్టే ఫారం – ఫారాలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగును తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాలని నాలుగుగా విభజించాడు. ఈ మాటలను ఆ నాలుగో గదిలోకి నెట్టడానికి నాకు మనసొప్పదు. మన వ్యాకరణానికి ఇంతగా తలవంచిన పదాలు తద్భవాల పక్కన కూర్చోదగినవే.

పొల్లు పెట్టినప్పుడు జరిగే నష్టం ఇక్కడే ఉంది. ‘స్కూల్’కు మన ‘లు’ సరిగా అతకదు. అందుకని వెంటనే ‘స్కూల్స్’ వస్తుంది, ‘బస్సెస్’ వస్తుంది. పరభాషాపదం వచ్చినందుకు నాకు చింత లేదు. దాని బహువచన ప్రత్యయం కూడా వెంటవచ్చి మన ప్రత్యయాన్ని గెంటివేస్తున్నందుకే ఈ గోల.

అర్థాల సంగతి చూడండి. ఇంగ్లీషువారికి గ్లాసు అంటే మొదట గాజు, ఆ తరువాతే గాజుపాత్ర. మనకు స్టీలు గ్లాసు ఉంది, వెండి గ్లాసు ఉంది. ‘గాజు గ్లాసు’ అన్నా పునరుక్తి కాదు. వారి భాషలో రైలు అంటే ఇనుప కమ్మీ. మనకది బండి, కమ్మీలేమో రైలు పట్టాలు. కరెంటుకు అక్కడ మూలార్థం ప్రవాహం. ఇక్కడ కరెంటు పోతుంది, వస్తుంది, దానికి బిల్లు కూడా కట్టాలి. విద్యుత్తు దానికి పర్యాయపదమే గాని, ‘విద్యుత్తు పోయింది’ అని ఇంట్లో ఎవరంటారు? ధూమశకటం వంటి కల్పనల గతి అందరికీ తెలిసినదే. అంతర్జాలం నిలిచింది, సంతోషం. నిలవనివాటి కోసం నిలిచినవాటిని చెరపనక్కరలేదు.

తెలుగులో కలిసిన అన్యదేశ్యపదాలకు బ్రౌను దొర ప్రత్యేకంగా ఒక నిఘంటువు కూర్చి 1854లో అచ్చువేయించాడు. ఇప్పుడు నిఘంటువులు కూర్చే మిత్రులకు నా మనవి ఒక్కటే. గ్లాసును ఉకారంతోనే ఆరోపంగా ఎక్కించండి. అర్థం దగ్గర ‘నీళ్లు తాగే పాత్ర’ అని వ్రాయండి. బహువచనం ‘గ్లాసులు’ అని చూపండి. ఇంగ్లీషు మూలాన్ని చివర కుండలీకరణంలో చూపితే చాలు.