కంప్యూటరు వృత్తికి ఏ గణితము?

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి మన పట్టణములలో తలిదండ్రుల నోట నొక్కటే మాట వినవచ్చును: "మావాడు కంప్యూటరు చదువవలెను, కావున ఎం.పి.సి.లో చేర్చుచున్నాము." ఈ నిర్ణయము తప్పని మేము చెప్పము. ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాఖను కోరు విద్యార్థికి ఇంటర్మీడియట్టున గణితము ఉండితీరవలయును. కాని గ్రూపును కోరుకొన్నంతమాత్రమున గణితము అబ్బినట్లు తలచుట పొరపాటు. అందు ఏ పాఠములను, ఏ రీతిగ నేర్వవలెనో తండ్రి అడుగుట లేదు. కళాశాలవారు చెప్పుట లేదు.

ఒక్క యుదాహరణము చూడుడు. పది లక్షల పేర్లు అకారాదిగ నున్న జాబితాలో ఒక పేరు వెదకవలసియున్నది. మొదటినుండి చూచుచు పోయినచో పది లక్షల మారులు చూడవలసి రావచ్చును. నడిమి పేరును చూచి, కావలసినది దానికి ముందో వెనుకో తెలిసికొని, అక్కరలేని సగమును విడిచి, మిగిలిన దానిని మరల సగము చేయుచు పోయినచో ఇరువది చూపులతో పని ముగియును. ఏలయన 20 రెండ్లను హెచ్చించిన 10,48,576 వచ్చును. లాగరిథమనగా ఇదియే. మొన్న పఠనమందిరమునకు వచ్చిన ద్వితీయ సంవత్సరపు విద్యార్థి నొకని ఈ విషయమే అడిగితిమి. లాగరిథముల సూత్రములను తడుముకొనక చెప్పెను. వాని కీ వెదకుటతో నేమి సంబంధమన్నచో, "అది పరీక్షలో రాదండీ" యనెను.

బాలుని దోషము కాదు. ఈఏపీసెట్ పరీక్షలో ఇంజనీరింగు విద్యార్థికి 180 నిమిషములలో 160 ప్రశ్నలు. అందు గణితమే 80. ప్రశ్న కొక నిమిషమును, పైని ఏడెనిమిది సెకండ్లును. అట్టి పరుగులో అడ్డదారి నెరిగినవాడే గెలుచును. ప్రోగ్రాములు వ్రాయువాని బ్రదుకు ఇందుకు విపర్యయము. ఒక్క దోషము నెదుట పెట్టుకొని అతడు దినమంతయు కూర్చుండవలసివచ్చును. మా న్యాయవాద వృత్తిలోను అంతే. కక్షిదారు చెప్పక విడిచిన ఒక్క సందర్భమే వాదమును పడగొట్టును.

ఇక పాఠముల సంగతి. గణితానుగమనమును పరీక్షకు రెండు లెక్కలుగ వల్లించి విడుచుచున్నారు. ఒకే పనిని మరల మరల చేయు ప్రోగ్రాము ఎన్ని మారులు తిరిగినను సరిగా ఫలితమిచ్చునని నిరూపించు సాధనమిదియే. ప్రస్తారములు, సంయోగములు, సంభావ్యత తరువాత రావలెను. ప్రస్తారమను మాట మన ఛందస్సులోనిదే గదా! గురులఘువులతో మూడక్షరముల గణములు ఎనిమిదే యేల? ప్రతి స్థానమునను రెండేసి అవకాశములు, మూడు స్థానములు; రెండును మూడుమారులు హెచ్చింపగా ఎనిమిది. తెలుగు పండితుడు చెప్పిన యమాతారాజభానసలగమును గణితోపాధ్యాయుడు నల్లబల్లపై మరల వ్రాసినచో, సున్నలు ఒకట్లతో యంత్రము లెక్కించు తీరు ఆ గంటలోనే బోధపడును.

కృత్రిమ మేధవైపు పోగోరువారు మాత్రికలను, సదిశలను, అవకలనమును శ్రద్ధతో చదువవలెను. యంత్రము తన తప్పును కొంచెము కొంచెముగ తగ్గించుకొనుట అవకలనమువలననే. శాంకవములకు వెచ్చించు కాలములో కొంత సంభావ్యతకు మరల్చిన నష్టము లేదని మా యభిప్రాయము. గణితోపాధ్యాయులు కోపగింపకుందురు గాక.

సి.ఇ.సి. చదివిన బాలబాలికలు నిరాశ చెందనక్కరలేదు. గణితము లేనివారిని బి.సి.ఏ.లో చేర్చుకొను కళాశాలలు అనేకము కలవు. అంగడి పద్దులకు, కార్యాలయపు దస్త్రములకు వలయు ప్రోగ్రాములలో పెక్కింటికి ఉన్నతగణితము అవసరములేదు; చక్కని తర్కము చాలును. అయినను సమితులను, సంభావ్యతను వారు స్వయముగ నేర్చుకొనుట మేలు. గణితమన్న భయముతో రాత్రులు నిదురలేని పిల్లవానిని బలవంతముగ ఎం.పి.సి.లోనికి త్రోయుటకంటె ఈ మార్గమే మంచిది.

రుసుము చెల్లించుటకు పోవు తలిదండ్రులు ఫలితముల ప్రకటనపత్రమును ప్రక్కనుంచి, ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: "అయ్యా, మీ తరగతిలో సూత్రమునకు ఉపపత్తిని నల్లబల్లపై వ్రాసి చూపుదురా, లేక జవాబు మాత్రమే చెప్పుదురా?"