ముద్దు చేస్తే చాలదు

ఒకప్పుడు మన ఇళ్లలో కుక్క చోటు వాకిలి. పిల్లి చోటు పెరడు, మహా అయితే వంటింటి గుమ్మం. మనుషులు తిన్నాక మిగిలిన అన్నం ఒకదానికి, గిన్నె అడుగున మిగిలిన పాలు ఇంకొకదానికి. వాటికీ మనకీ నడుమ ఒక గడప ఉండేది. ఇప్పుడు ఆ గడప లేదు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో సోఫా మీద నిద్రపోయే లాబ్రడార్, పసివాడి దుప్పట్లో దూరి వెచ్చగా పడుకునే పిల్లికూన ఇంటి మనుషుల్లో లెక్క. పిల్లలు ఎక్కడో దూరదేశంలో స్థిరపడిన ఇళ్లలో పెద్దవాళ్లను పొద్దున్నే నిద్రలేపేదీ, సాయంత్రం నాలుగడుగులు నడిపించేదీ ఆ కుక్కే. ఇది సంతోషించవలసిన మార్పు. మూగప్రాణి దగ్గర పెరిగిన బిడ్డకు జాలి ఒకరు నేర్పనక్కర్లేదు. అయితే చేరువ పెరిగినంతగా జాగ్రత్త పెరగలేదు. ఆలోచించవలసింది దాని గురించే.

మనిషికి సోకే అంటువ్యాధుల్లో దాదాపు 60 శాతం జంతువులతో ముడిపడినవేనని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట విని ఒళ్లో ఉన్న పిల్లికూనను కిందికి దించెయ్యనక్కర్లేదు. వాటిలో ఇంటి జంతువుల నుంచి వచ్చేవి కొన్నే. ఆ కొన్నింటిలోనూ చాలావాటిని ఆపే సాధనాలు మన అందుబాటులోనే ఉన్నాయి. వేళకు టీకా, వేళకు నట్టల మందు, రోజువారీ శుభ్రం, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం. కొరవడుతున్నది వీటిని గుర్తు పెట్టుకోవడమే.

ముందుగా చెప్పుకోవలసింది రేబిస్ సంగతి. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తన టీకాను మొదటిసారి వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. ఆ తేదీనే ఏటా జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినంగా పాటిస్తూ మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. టీకా వచ్చి 140 ఏళ్లు నిండినా ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ వ్యాధితో చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మనుషులకు రేబిస్ సోకిన నూరు సందర్భాల్లో 99 కుక్కల వల్లనే. అనుమానిత జంతువుల కాటుకు గురయ్యేవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్లలోపు పిల్లలు.

వీధికుక్కల గురించి మాట్లాడుకున్నంతగా ఇంటికుక్క గురించి మాట్లాడుకోం. ‘మా బుజ్జిగాడు గేటు దాటడు, వాడికెందుకండీ సూది?’ అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. గేటు సందులోంచి మూతి బయటపెట్టి వీధికుక్కతో కలబడటానికి ఒక్క నిమిషం చాలు. ‘చిన్న కూనే కదా, గీరిందే కదా’ అన్నది ఇంకో ధీమా. కుక్కపిల్లకూ రేబిస్ వస్తుంది. ఆ వైరస్ ఉండేది లాలాజలంలో. కరిచినప్పుడే కాదు, గీరినా, చిట్లిన చర్మాన్ని నాకినా అది లోపలికి చేరగలదు. అక్కడి నుంచి నరాల వెంట మెదడుకు చేరడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. మనిషి చేతిలో ఉన్న గడువు అదే. లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. పాతవాళ్లు కోరంటి దవాఖాన అని పిలిచే హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆ దశలో వచ్చినవాళ్లకు వైద్యులు ఇవ్వగలిగేది కొంత ఉపశమనమే.

కరిచిన వెంటనే ఏం చేయాలో ప్రతి ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా కంఠతా రావాలి. గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట సేపు కడగాలి. సబ్బు ఆ వైరస్ పైపొరను కరిగించేస్తుంది. కారం, సున్నం, పసుపు, పసర్లు ఏవీ పూయకూడదు. వాతలు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. రక్తం కారేలా కరిస్తే గాయంలోనూ చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షకాల మందు కూడా వేయించాలి. ‘కుక్కను పది రోజులు చూద్దాం, బాగానే ఉంటే సరి’ అని ఆగిపోవడం ప్రమాదం. మొదటి సూది వేయించుకున్నాకనే ఆ చూడటం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం మన ఊళ్లలో ఇంకా పోలేదు. గొర్రె మెదడు కణజాలంతో చేసే ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు వేసేవి చేతికి, నాలుగైదు విడతల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. రెండు విడతలయ్యాక నొప్పి తగ్గిందని మానేస్తే మాత్రం రక్షణ అందదు.

రేబిస్ అంటే ఉలిక్కిపడే మనం కడుపులో పురుగులంటే తేలిగ్గా తీసుకుంటాం. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లకు చేరతాయి. కొంకిపురుగులు తల్లిపాలతో అందుతాయి. కళ్లు తెరవని కూన కూడా వీటితోనే మన ఇంటికి వస్తుంది. మట్టిలో ఆడుకున్న పసిచేతుల ద్వారా ఏలికపాము గుడ్లు నోట్లోకి వెళితే, అందులోంచి వచ్చిన పురుగుపిల్లలు కాలేయానికి చేరవచ్చు. అరుదుగా కంట్లోకి చేరి చూపునే దెబ్బతీస్తాయి. కొంకిపురుగు పిల్లలు తడి ఇసుకలో ఉండి, చెప్పుల్లేని పాదాల చర్మంలోకి దూరి, మెలికలు తిరిగిన ఎర్రటి గీతలతో విపరీతమైన దురద పెడతాయి. నులిపురుగుల నివారణ దినాన బడిలో పిల్లలందరికీ ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నాం. అదే పిల్లవాడి పక్కన పడుకునే కుక్కకు నట్టల మందు పడిందా అని అడిగేవారు లేరు. కూనలకు రెండు మూడు వారాల వయసు నుంచి మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం, సాధారణంగా మూడు నెలలకోసారి ఈ మందు పట్టించాలి.

ప్రకృతి ఇక్కడ మనకొక వెసులుబాటు ఇచ్చింది. ఏలికపాము గుడ్డు మలంతో బయటపడిన రోజునే ఎవరికీ సోకదు. మట్టిలో అది పక్వానికి రావడానికి వారాలు పడుతుంది. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకే దశకు చేరడానికి ఒకటి నుంచి ఐదు రోజులు కావాలి. ఏ రోజు మలం ఆ రోజే ఎత్తేస్తే చాలు, వ్యాధి గొలుసు అక్కడే తెగిపోతుంది. పొద్దున్నే కుక్కను నడకకు తీసుకువెళ్లేవాళ్లు చేతిలో ఒక సంచి పట్టుకువెళ్లి, దాని మలాన్ని ఎత్తి చెత్తబుట్టలో వేయడం ఇరుగుపొరుగు పిల్లల కళ్లను కాపాడే పని. మర్యాద కన్నా అది పెద్ద సంగతి.

టాక్సోప్లాస్మా పేరు చెప్పి పిల్లులకు జరుగుతున్న అన్యాయం ఒకటుంది. కోడలు నెల తప్పిందని తెలియగానే ఏళ్ల తరబడి పెంచుకున్న పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసే ఇళ్లున్నాయి. గర్భిణికి ఈ వ్యాధి సోకితే కడుపులో బిడ్డకు ముప్పు ఉన్నమాట నిజమే. కానీ సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోటమట్టి కూడా దాన్ని తెచ్చిపెడతాయి. పిల్లి మలం శుభ్రం చేసే పనిని ఆ కొన్ని నెలలూ ఇంట్లో మరొకరు తీసుకోవాలి. పిల్లిని బయట వేటకు వదలకుండా, ఉడికించిన తిండే పెట్టాలి. ఇంతమాత్రం చేస్తే తల్లీ బిడ్డా పిల్లీ ఒకే కప్పు కింద ఉండవచ్చు. పచ్చిమాంసం పెట్టకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. పచ్చి కోడిమాంసం ద్వారా ఆ వైరస్ పిల్లులకూ సోకవచ్చు, ప్రాణాలూ తీయవచ్చు.

వానాకాలం వస్తే ఎలుకల మూత్రం కలిసిన బురదనీళ్లతో లెప్టోస్పైరోసిస్ పొంచి ఉంటుంది. ఆ నీటిలో తిరిగిన కుక్కకు జ్వరం, కామెర్లు వస్తాయి. దాని మూత్రం ద్వారా ఇంటివాళ్లకూ రావచ్చు. కుక్కకు ఏటా వేయించే టీకాల్లో దీనికి రక్షణ ఉంటుంది. తామర కూడా ఇలాగే వాటి నుంచి మనకు అంటుతుంది. పిల్లికూన ఒంటి మీద బొచ్చు ఊడి గుండ్రని మచ్చ కనిపించిన కొద్దిరోజులకే పాప చేతి మీద అదే ఆకారంలో దద్దురు లేస్తుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద తగ్గినట్టు అనిపిస్తుంది గానీ తామర మొండికేస్తుంది. పిల్లికీ పాపకూ ఒకేసారి వైద్యం చేయించడమే దారి. పిడుదులు, గోమార్లు కనిపిస్తే గోళ్లతో నలపకూడదు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా లాగి పారేయాలి.

ఈ రాకపోకలు ఒకవైపు నుంచే కావు. మన జబ్బులూ వాటికి సోకుతాయి. 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఎనిమిది సింహాలకు కొవిడ్ సోకిందని సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఆ వైరస్ వాటి దగ్గరికి చేరింది మనుషుల నుంచేనని భావించారు. తరువాత అవి కోలుకున్నాయి. అంటే, జలుబో దగ్గో ఉన్నప్పుడు కుక్కను ముఖానికి ఆనించుకోకపోవడం, ఒంటి మీద పుండు ఉంటే దాన్ని నాకనివ్వకపోవడం మన వంతు బాధ్యత. మనకు రాసిన మందుల్లో మిగిలినవి వాటికి వేయడం మరీ ప్రమాదం. పిల్లికి పారాసిటమాల్ విషం. సగం సగం వాడిన యాంటీబయాటిక్‌తో మొండి సూక్ష్మజీవులు తయారై ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు.

భయం కూడా ఒక జబ్బే. కొవిడ్ తొలిరోజుల్లో పెంపుడు జంతువుల వల్ల వైరస్ వస్తుందన్న పుకారుకు బెదిరి వాటిని వీధిలో వదిలేసినవారు ఉన్నారు. అన్నం పెట్టిన చెయ్యి ఎందుకు తలుపు మూసిందో ఆ ప్రాణికి తెలియదు. అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. టీకా లేకుండా వీధిన పడిన ప్రతి కుక్కా ఆ వీధికంతటికీ ముప్పు పెంచుతుంది. వదిలించుకుంటే పోయే సమస్య కాదిది, సాకితేనే తీరేది.

ఇంటి జాగ్రత్తకు వ్యవస్థ తోడు కావాలి. జ్వరంతోనో, తగ్గని దద్దురుతోనో వచ్చిన రోగిని ‘ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నాయా?’ అని అడిగే వైద్యులు తక్కువ. అడగకపోయినా మనమే చెప్పాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవమార్పిడి జరిగినవాళ్లు, మధుమేహం ఉన్న పెద్దలు, పసికందులు ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. పశువైద్యశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒకే ఊళ్లో ఉండి ఒకరి సమాచారం ఒకరికి తెలియని పరిస్థితి మారాలి. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను తుడిచేయాలని 2021 సెప్టెంబరు 28న కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏళ్ల తరబడి కుక్కలకు పట్టుదలగా టీకాలు వేసిన గోవాను 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. మనుషులకూ జంతువులకూ రేబిస్ టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ హైదరాబాదులోనే ఉంది. టీకా తయారయ్యే గడ్డ మీద టీకా అందక ఒక్క ప్రాణం పోయినా అది మనందరికీ తలవంపే. జూలైలో ఒక్క రోజు జరిగే ఉచిత టీకాల కార్యక్రమం ఏడాది పొడుగునా, ప్రతి పశువైద్యశాలలో జరగాలి. కూలి పని చేసుకునే ఇంటి ముందు కాపలా కాసే నాటుకుక్కకూ అది అందాలి.

ఇంటికి తెచ్చుకున్న ప్రాణి తన ఒంట్లో బాగాలేదని చెప్పుకోలేదు, సూది వేయించమని అడగలేదు. దాని తరఫున గుర్తు పెట్టుకోవలసింది మనమే. పాప టీకా కార్డు దాచుకున్న అరలోనే కుక్క టీకా పుస్తకమూ ఉండాలి. ఈ వారంలో ఒకసారి దాన్ని తీసి చూడండి. గడువు దాటి ఉంటే ఆలస్యం చేయకుండా దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.