ఎనిమిదేళ్ళ ఒప్పందం, రెండేళ్ళ ఔదార్యం

ఇటీవల ఒక శుక్రవారం జుమా నమాజు అనంతరం మా పూర్వ విద్యార్థి ఒకరు మమ్మల్ని కలుసుకున్నారు. బాల్యంలో సాయంకాలాలు మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్న ఆ పిల్లవాడు నేడు నలభై ఏళ్ళు దాటిన గణితోపాధ్యాయుడు. ఒక ప్రైవేటు పాఠశాలలో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఈ కాలంలో ప్రధానోపాధ్యాయుని పదవి రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ యాజమాన్యం బంధువులకే దక్కింది. వారిలో ఒకరికి పని నేర్పినవాడు ఇతడే.

వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఆదివారాలు ప్రత్యేక తరగతులు తీసుకోవాలి. అదనపు వేతనం మాట ఎత్తితే, "మనమంతా ఒకే కుటుంబం కదా మాస్టారూ!" అంటారట. పని పంచేటప్పుడు గుర్తొచ్చే ఆ కుటుంబం, పదవులు పంచేటప్పుడు గుర్తుకు రాదు. చేరిన రోజున తీసుకున్న అతని అసలు సర్టిఫికెట్లు ఇప్పటికీ యాజమాన్యం బీరువాలోనే ఉన్నాయి.

అంతా చెప్పి, "సహనం వహించమంటారా హజ్రత్?" అని అడిగాడు. ‘అవును’ అనబోయి ఆగిపోయాము. కారణం చివర్లో మనవి చేస్తాము.

ఆ క్షణంలో మాకు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్ వృత్తాంతం స్ఫురించింది. పరాయి ఊరిలో, చేతిలో ఏమీ లేని స్థితిలో ఆయన ఇద్దరు యువతుల పశువులకు నీరు తోడి పెట్టారు. ప్రతిఫలం అడగలేదు. అయినా వారి తండ్రి ఆయనను పిలిపించారు, ఆ శ్రమకు ప్రతిఫలం ఇవ్వటానికే. తరువాత తన కుమార్తెలలో ఒకరితో వివాహం ప్రతిపాదిస్తూ, ఎనిమిదేళ్ళు తన వద్ద పనిచేయాలని షరతు పెట్టారు. పదేళ్ళు పూర్తిచేస్తే అది మూసా ఇష్టమన్నారు. ఆయనను కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని కూడా స్పష్టం చేశారు. మూసా (అలైహిస్సలాం) ఎక్కువ గడువునే పూర్తిచేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం తెలుపుతోంది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఎనిమిదేళ్ళు ఒప్పందం. మిగతా రెండేళ్ళు ఔదార్యం. ఆ ఔదార్యం పనివాని చేతిలో ఉంది, యజమాని చేతిలో లేదు. పనివాడు మనస్ఫూర్తిగా ఇస్తే అది సేవ. యజమాని హక్కుగా రాబట్టుకుంటే అది దౌర్జన్యం. సహనం విషయమూ అంతే. అది బాధపడేవాడు అల్లాహ్ కోసం అలవరచుకునే గుణం. బాధపెట్టేవాడు ఎదుటివానికి బోధించే పాఠం కాదు.

అందుకే మేము అతనికి సహనంతోపాటు మరికొన్ని విషయాలు చెప్పాము. నియామక పత్రం, జీతం రశీదులు భద్రపరచుకోమన్నాము. సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా కోరమన్నాము. గ్రాట్యుటీ గురించి కూడా చెప్పాము. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఉపాధ్యాయులకు వర్తించదని 2004లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పార్లమెంటు 2009లో ఆ చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండి వారికీ వర్తింపజేసింది. ఆ సవరణ సరైనదేనని 2022లో సుప్రీంకోర్టు ధ్రువీకరించింది. అయిదేళ్ళ నిరంతర సేవ పూర్తిచేసినవారికి, పనిచేసిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున రావాలి. చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి 18 వేలు అయితే, పదహారేళ్ళకు సుమారు 1 లక్షా 66 వేల రూపాయలు. ఇది ఎవరి దయా కాదు, హక్కు. ఈ సంగతి అతనికి పదహారేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

గృహిణులైన సోదరీమణులకు ఒక విన్నపం. పదోన్నతి రాని భర్తను చేతకానివాడిగా చూడకండి. "మీ తమ్ముడు మేనేజరయ్యాడు" అన్న ఒక్క మాట, యాజమాన్యం చేసిన అవమానం కంటే లోతుగా దిగుతుంది. మన ఇంట్లో అతని విలువ అతని కుర్చీని బట్టి కాక, అతను తెచ్చే హలాల్ సంపాదనను బట్టి ఉండాలి.

ఇక ఆనాడు మేము ఎందుకు ఆగిపోయామో చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా మదర్సాలోనే ఒక హిఫ్జ్ ఉపాధ్యాయుడు వేతనం పెంచమని కమిటీ ముందుకు వచ్చాడు. పన్నెండేళ్ళ సేవ. ముగ్గురు పిల్లలు. "ఇది దీన్ ఖిద్మత్ కదా, సహనం వహించండి" అని అతనితో అన్న నోరు మాదే. అతను వాదించలేదు. సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రమజాన్ తరువాత తిరిగి రాలేదు. ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడని విన్నాము. అతని వద్ద సగం ఖుర్ఆన్ కంఠస్థం చేసిన పిల్లల్లో కొందరు ఆ సగం దగ్గరే ఆగిపోయారు.

ఒకరి ఔదార్యాన్ని మేము హక్కుగా లెక్కగట్టాము. అతన్ని వెతికి కలుసుకుని క్షమాపణ కోరవలసి ఉంది. ఉపాధ్యాయుల వేతన శ్రేణి, ఏటా పెంపు, పదవులకు అర్హతలు రాతపూర్వకంగా నిర్ణయించాలని కమిటీకి లేఖ ఇచ్చాము. పాఠశాల అయినా, దుకాణమైనా, మదర్సా అయినా, నలుగురి చేత పని చేయించుకునే ప్రతి ఒక్కరూ ఈ నెల తమ వద్ద ఉన్న పాత ఉద్యోగిని ఒక్కసారి పిలిచి, "నీకు మేము ఏం బాకీ ఉన్నాము?" అని అడగాలని మా మనవి. రేపు అల్లాహ్ అడగకముందే మనం అడగటం మేలు.